తాళం పడిన కంప్యూటర్ గది

సంపాదకులకు నమస్కారం.

బడుల్లో కంప్యూటర్ చదువు మన దేశానికి కొత్తేమీ కాదు. 1984లోనే కేంద్రం ‘క్లాస్’ అనే పథకం పెట్టి, బ్రిటన్ తయారీ ‘బీబీసీ మైక్రో’ కంప్యూటర్లను కొన్ని పాఠశాలలకు పంపింది. 2004లో బడుల్లో కంప్యూటర్ చదువు కోసమే ‘ఐసీటీ ఎట్ స్కూల్’ అనే మరో కేంద్ర పథకం వచ్చింది. 2020 జాతీయ విద్యా విధానం ఆరో తరగతి నుంచే కోడింగ్ అంది.

నేను లెక్కల మాస్టారుగా రిటైరైన ఉన్నత పాఠశాలకూ పదకొండు కంప్యూటర్లు వచ్చాయి. నేర్పే కుర్రాడిది కాంట్రాక్టు ఏజెన్సీ ద్వారా వచ్చిన ఉద్యోగం. ఒప్పందం ముగిసింది, అతను వెళ్లిపోయాడు, గదికి తాళం పడింది. యూపీఎస్ బ్యాటరీలు ఉబ్బాయి, కీబోర్డు వైర్లు ఎలుకలు కొరికేశాయి. ఆ తర్వాత గది తెరిచింది పరీక్ష పేపర్లు దాచడానికే! కిటికీలకు గ్రిల్ ఉన్నది ఆ ఒక్క గదికే లెండి.

ఇప్పుడేమో ట్యాబులు, స్మార్ట్ తెరలు అంటున్నారు. కొనండి, కాదనను. కానీ రిపేరు ఖర్చు, నేర్పేవారి జీతం కూడా అదే బడ్జెట్‌లో చూపించండి. అంతవరకు, ఉన్న టీచర్లకే వేసవిలో శిక్షణ ఇచ్చి, వారానికి రెండు పీరియడ్లైనా టైమ్‌టేబుల్లో వేయండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు జిల్లా