ఆడవేషం మనకు కొత్తా?

సంపాదకులకు,

ఈ వేసవిలో నగరంలో జరిగిన కామెడీ ఉత్సవంలో డ్రాగ్ షో, అంటే మగవాళ్లు ఆడవేషం కట్టి నవ్వించే ప్రదర్శన, పెట్టారని మా వాట్సాప్ గ్రూపుల్లో పెద్ద గొడవే నడిచింది. తిట్టినవాళ్లలో ఎంతమంది చూశారో గానీ, నేను మా అక్కతో వెళ్లి చూశాను.

పట్టుచీర, వడ్డాణం, మోచేతి దాకా గాజులతో వచ్చిన కళాకారుడు కాబోయే అత్తగారిలా ముందు వరుసలోని కుర్రాణ్ణి పట్టుకుని జీతమెంత, సొంతిల్లుందా, ఈఎంఐలెన్ని అని ఆరా తీస్తుంటే హాలంతా పడీపడీ నవ్వింది. విగ్గు జారితే ఆ నెపం కూడా ఎండల మీదకే నెట్టేశాడు. రెండో సగంలో బూతు ఎక్కువైందని మా అక్క గొణిగింది. నిజమే.

కూచిపూడిలో తరతరాలుగా మగవాళ్లే సత్యభామ వేషం కట్టారు. సత్యభామ తన జడను తెర మీదుగా బయటికి వేసే ఘట్టానికి ప్రాణం పోసిన వేదాంతం సత్యనారాయణ శర్మకు 1970లో పద్మశ్రీ ఇచ్చారు. నాటకాల్లో ఆడవేషాలకు పేరుపడ్డ స్థానం నరసింహారావుకైతే 1956లోనే వచ్చింది. వాళ్లది పాత్రలో లీనమయ్యే అభినయం, ఈ డ్రాగ్ షోది వేషమని చెప్పి మరీ ఆటపట్టించడం. రెండూ ఒకటి కావు. అయినా చీర కట్టిన మగవాణ్ణి చూసి సంస్కృతి గంగలో కలిసిందనడం విడ్డూరం.

నా ఫిర్యాదల్లా నిర్వాహకుల మీదే. పెద్దలకు మాత్రమే అని టికెట్ మీద వేయలేదు. పిల్లలతో వచ్చినవాళ్లు మధ్యలోనే లేచి వెళ్లారు. వెనక నుంచి వెకిలి కూతలు కూసేవాళ్లను ఆపే నాథుడే లేడు. వచ్చే ఏడాదైనా వయోపరిమితి ముందే ప్రకటించాలి, హాల్లో సెక్యూరిటీని పెట్టాలి.

- ఒక పాఠకురాలు, చిక్కడపల్లి, హైదరాబాద్