సైనికుడి భక్తి వేరు, సైన్యం భక్తి వేరు

సంపాదకులకు,

ఆర్యా,

గత నెలలో గజపతి జిల్లా మోహన ప్రాంతం నుంచి ఒక సవర రైతు తన కొడుకును వెంటబెట్టుకుని బరంపురంలోని మా ఇంటికి వచ్చారు. పిల్లవాడు అగ్నివీర్ ఎంపికలకు సిద్ధమవుతున్నాడు. సైన్యంలో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేసి సుబేదారుగా పదవీ విరమణ చేసిన నన్ను పరుగు గురించో, ఛాతీ కొలతల గురించో అడుగుతారనుకున్నాను. ఆయన అడిగింది వేరు. "సుబేదారుగారూ, మేం చర్చికి పోయేవాళ్లం. గుడిలోకి అడుగు పెట్టకపోతే కొలువు తీసేస్తారని విన్నాం. మావాణ్ణి పంపమంటారా, వద్దంటారా?" 2011 జనాభా లెక్కల ప్రకారం ప్రతి ముగ్గురిలో ఒకరికి పైగా క్రైస్తవులున్న జిల్లా అది. ఆ సందేహం ఆ ఒక్క ఇంటిది కాదు కనుకనే ఈ లేఖ రాస్తున్నాను.

ఆయన విన్నది వట్టి పుకారు కాదు. 3వ కావల్రీ రెజిమెంటులో సిక్కు జవాన్లకు నాయకత్వం వహించిన ఒక క్రైస్తవ లెఫ్టినెంట్, వారం వారం జరిగే మతపరమైన పరేడ్లకు తన జవాన్లతో కలిసి వెళ్తూనే గర్భగుడిలోకి మాత్రం రాలేనన్నందుకు, 2021 మార్చిలో పెన్షన్, గ్రాట్యుటీ లేకుండా ఉద్యోగం కోల్పోయారు. ఆ చర్యను ఢిల్లీ హైకోర్టు 2025 మే 30న సమర్థించింది. అదే ఏడాది నవంబరు 25న సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోవడానికి నిరాకరించింది.

జవాన్లంతా కలిసి ప్రార్థనా స్థలానికి వెళ్లే ఈ 'మందిర్ పరేడ్' అనే మాట బయటివారికి వింతగా తోచవచ్చు. పల్టన్లో పండిట్‌జీ, గ్రంథీ, మౌల్వీ, పాద్రీ కూడా మాలాగే జూనియర్ కమిషన్డ్ అధికారి హోదాలో జీతం తీసుకునే సైనికులు. చాలా యూనిట్లలో అన్ని మతాల ప్రార్థనలకూ ఒకే కప్పు కింద సర్వ ధర్మ స్థలం ఉంటుంది. నేను హిందువును. అయినా ఈద్ నాడు తలకు రుమాలు కట్టుకుని మౌల్వీ సాబ్ వెనుక నిలబడ్డాను, గురుపూరబ్ నాడు లంగరులో రొట్టెలు వడ్డించాను, డిసెంబరు చలిలో మిజో కుర్రాళ్లతో కొవ్వొత్తి పట్టుకున్నాను. ఎవరూ నన్ను మతం మారమనలేదు, నేనూ మారలేదు. అక్కడి నియమం ఒక్కటే: అధికారి తన దేవుణ్ణి జవాన్ల మీదికి తీసుకురాడు, జవాన్ల దేవుడి దగ్గరికి తానే నడిచి వెళ్తాడు. రేపు తన మాట మీద ప్రాణం ఇవ్వవలసిన మనిషి దేనిని పవిత్రంగా భావిస్తాడో దానిని గౌరవించడం నాయకత్వంలో భాగమని మాకు మొదటి రోజునుంచే నేర్పారు. కోర్టుల తీర్పు వెనుక ఉన్న ఈ తర్కం నాకు అర్థమవుతుంది. అయితే తన రెజిమెంటులో మందిరం, గురుద్వారా తప్ప సర్వ ధర్మ స్థలం లేదన్నది ఆ అధికారి వాదన. గడప దాకా వచ్చి ఆగిన మనిషికి పెన్షన్ కూడా లేకుండా చేయడం మితిమీరిన శిక్షేనని నా అభిప్రాయం.

అసలు నన్ను కలవరపెడుతున్నది ఆ తర్వాతి ప్రశ్న. జవాన్ల కోసం తన విశ్వాసాన్ని పక్కన పెట్టాలని ఒక లెఫ్టినెంటును శాసించిన కొలబద్ద పై అంతస్తులకు వర్తించదా? 2025 మే నెలలో సైన్యాధిపతి జనరల్ ఉపేంద్ర ద్వివేది యూనిఫాంలో చిత్రకూట్ వెళ్లి ఒక మఠాధిపతి నుంచి మంత్రదీక్ష తీసుకున్నారని, గురుదక్షిణగా పాక్ ఆక్రమిత కశ్మీరును అడిగానని ఆ మఠాధిపతే పత్రికలవారితో చెప్పారు. ఇంట్లో, సెలవులో, మామూలు దుస్తుల్లో ఆయన ఏ దేవుణ్ణి కొలిచినా అది ఆయన హక్కు, అందులో వేలు పెట్టే అధికారం నాకు లేదు. భుజాన నక్షత్రాలున్న వర్దీతో వెళ్లినప్పుడు మాత్రం ఆయన వెంట పన్నెండు లక్షలకు పైగా జవాన్లు వెళ్లినట్టే. మరోవైపు, 2022 ఏప్రిల్‌లో దోడా జిల్లాలో సైన్యం ఇచ్చిన ఇఫ్తార్ విందు గురించి జమ్ము రక్షణ పౌరసంబంధాల అధికారి పెట్టిన ట్వీటు, విమర్శ రాగానే మాయమైంది. పల్లె ప్రజలతో కలిసి భోంచేయడం దశాబ్దాల ఆనవాయితీ అయినప్పుడు దానికి సిగ్గుపడడం దేనికి?

2024 డిసెంబరులో జరిగిన మరో మార్పు నన్ను ఇంకా ఎక్కువ బాధించింది. సైన్యాధిపతి కార్యాలయంలోని, 1971లో ఢాకాలో పాకిస్తాన్ సైన్యం మనకు లొంగిపోయిన చిత్రాన్ని తీసి, పాంగాంగ్ సరస్సు ఒడ్డున కృష్ణుడి రథం, చాణక్యుడు కనిపించే కొత్త చిత్రాన్ని పెట్టారు. పాత చిత్రాన్ని మానెక్‌షా సెంటర్లో పెట్టామని, అక్కడ ఎక్కువమంది చూస్తారని సమాధానం వచ్చింది. కావచ్చు. కానీ ఆ లొంగుబాటు వెనుక ఎవరున్నారో గుర్తు చేసుకోవాలి. నాటి సైన్యాధిపతి శామ్ మానెక్‌షా పార్సీ. పత్రం మీద సంతకం చేయించుకున్న జగ్జీత్ సింగ్ అరోరా సిక్కు. ఢాకాలో ఆ లొంగుబాటుకు ఏర్పాట్లు నడిపిన జేకబ్ యూదుడు. ఆ యుద్ధంలోనే గంగాసాగర్ వద్ద శత్రువు బంకర్ల మీదికి దూకి ప్రాణమిచ్చి పరమవీరచక్ర పొందిన ఆల్బర్ట్ ఎక్కా, గుమ్లా అడవుల నుంచి వచ్చిన ఆదివాసీ క్రైస్తవుడు. మా ఇంటికి వచ్చిన ఆ సవర పిల్లవాడికి నేను చూపించాలనుకున్న పటం అది.

యుద్ధ నినాదాల్లో దేవుళ్ల పేర్లు లేవా, నౌకాదళ నినాదం వేదమంత్రం కాదా అని అడిగేవారున్నారు. ఉన్నాయి, నేనూ గొంతెత్తి అరిచాను. 'బోలే సో నిహాల్' కదనంలో సిక్కు జవానుకు ఊపిరి. అది పౌరుడికి ఇచ్చే సందేశం కాదు. మన తెలుగువారు ఎక్కువగా చేరే మద్రాస్ రెజిమెంటు 'వీర మద్రాసీ' నినాదంలో అసలు ఏ దేవుడూ లేడు. ఇక 1976లో తన సైన్యం నినాదంలోకే జిహాద్‌ను చేర్చిన జియా ఉల్ హక్ పాకిస్తాన్‌ను ఎక్కడికి తీసుకుపోయారో మనం సరిహద్దు ఇవతల నుంచి చూస్తూనే ఉన్నాం.

2008లో క్రైస్తవులపై దాడులు జరిగిన కంధమాల్ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని బరంపురం చేరిన కుటుంబాలను చూసినవాళ్లం మనం. సహాయ శిబిరాల బయట కేంద్ర బలగాల జవాను కాపలా కాస్తుంటే, అతని మతమేమిటని అడగకుండా ఆ తల్లులు కన్ను మూయగలిగారు. 1936లో మద్రాసు నుంచి విడిపోయిన నాటినుంచి ఈ జిల్లాలో భాషాపరంగా అల్పసంఖ్యలో ఉన్న తెలుగువారికి, పక్షపాతం లేని ప్రభుత్వం విలువ ఒకరు చెప్పనక్కర్లేదు.

యూనిఫాంలో ఉండగా ఏ అధికారీ జవాన్లతో నిమిత్తం లేని మతపరమైన యాత్రలు చేయరాదని, అటువంటి ఫొటోలు సైన్యం అధికారిక ఖాతాల్లో రారాదని, ప్రతి యూనిట్‌లో సర్వ ధర్మ స్థలం తప్పనిసరి అని రక్షణ మంత్రిత్వ శాఖ రాతపూర్వకంగా ఆదేశాలివ్వాలి. ఈ మూడు విషయాలను పార్లమెంటులో లేవనెత్తవలసిందిగా మా నియోజకవర్గ సభ్యులకు విడిగా ఉత్తరం పంపాను. ఆ తండ్రితో మాత్రం, పిల్లవాణ్ణి పంపండనే చెప్పాను. మరుసటి రోజు నుంచి ఆ కుర్రవాడు మా ఇంట్లోనే ఉండి, తెల్లవారుజామున నాతో పాటు గోపాలపూర్ ఇసుకలో పరుగు సాధన చేస్తున్నాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత సుబేదారు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా