కార్తీక వానలకు ఆగిపోని నడక

పాఠశాల వార్తాలేఖ, సెప్టెంబరు సంచిక

తల్లిదండ్రులకు, పిల్లల ఆలనాపాలనా చూస్తున్న అవ్వాతాతలకు నమస్కారం.

ప్రతి నెలా ఈ మొదటి పేజీలో పరీక్షల తేదీలు, ఫలితాలు, ఫీజుల వివరాలు రాయడం ఆనవాయితీ. ఈసారి వాటిని చివరి పేజీకి జరిపి, ఇక్కడ మీ ఆరోగ్యం గురించి రాయదలచుకున్నాను. ఆగస్టు 29న జాతీయ క్రీడా దినోత్సవం నాడు పిల్లల పోటీలు ముగిశాక, మన మైదానంలో పెద్దవారికి రెండు చుట్ల వేగపు నడక పెట్టిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. నలభై ఏళ్లయినా నిండని తల్లులు, తండ్రులు చాలామంది మొదటి చుట్టు పూర్తికాకముందే రొప్పుతూ వేపచెట్టు కింద కూర్చుండిపోయారు. మరునాడు ఒక విద్యార్థిని నా గదికి వచ్చి, "మా నాయన నడవలేక మధ్యలోనే కూర్చున్నాడు టీచర్, ఆయనకేమన్నా జబ్బా?" అని అడిగింది. అలవాటు తప్పితే ఎవరికైనా అంతేనమ్మా అని చెప్పి పంపాను గాని, ఆ బిడ్డ ముఖంలో కనిపించిన భయం నన్ను ఇంకా వదలలేదు. ఆనాడు నేను సరిగా చెప్పలేకపోయిన సమాధానాన్ని ఈ ఉత్తరంలో చెప్పే ప్రయత్నం చేస్తున్నాను.

మీకు సలహా ఇచ్చే ముందు నా సంగతి చెప్పడం న్యాయం. రెండేళ్ల కిందట, నాకు యాభై నిండిన ఏడాది, పై అంతస్తులోని పదో తరగతి గదికి మెట్లెక్కి వెళ్లాక పాఠం మొదలుపెట్టడానికి ముందు రెండు నిమిషాలు బల్ల పట్టుకొని నిలబడవలసి వచ్చేది. రక్తపోటు చూపించుకుంటే 150/96 ఉంది. డాక్టరుగారు మాత్ర రాసి, దానితోపాటు రోజూ నడవమన్నారు. ఇంటికి వచ్చిన ఆ సాయంత్రమే ఒక పెద్ద పథకం వేసుకున్నాను. తెల్లవారుజామున నాలుగున్నరకు లేవాలి, పెన్న పొర్లుకట్ట మీద ఐదు కిలోమీటర్లు నడవాలి, రాత్రిపూట అన్నం పూర్తిగా మానేయాలి, ఆదివారమైనా విడవకూడదు. ఆ పథకం పదకొండు రోజులు సాగింది. పన్నెండోనాడు ముసురు పట్టింది, కట్ట మీద కాలు పెట్టలేనంత బురదయింది, నాలుగు రోజులు వెళ్లలేకపోయాను, ఐదోనాడు తెరిపి ఇచ్చినా లేవబుద్ధి కాలేదు. సంక్రాంతి వెళ్లాక మళ్లీ మొదలుపెట్టాను. మార్చిలో పదో తరగతి పరీక్షల పనులు మీద పడగానే అదీ ఆగిపోయింది.

రెండుసార్లూ నాకు పట్టుదల లేదనే అనుకొని బాధపడ్డాను. ఒక పాఠం పిల్లలలో ఎక్కువమందికి అర్థం కాకపోతే, లోపం పిల్లలలో కాక చెప్పిన తీరులో ఉందేమోనని చూసుకోవాలని కొత్తగా చేరిన ఉపాధ్యాయులకు నేనే చెబుతుంటాను. ఆ మాటను నాకు నేను చెప్పుకోవడానికి చాలాకాలం పట్టింది. వాన లేని, చుట్టాలు రాని, ఇంట్లో ఎవరికీ జ్వరం లేని, బడిలో తనిఖీ లేని రోజును మనసులో పెట్టుకొని నేను ఆ పథకం వేసుకున్నాను. అటువంటి రోజులు మన ఇళ్లల్లో నెలకు ఎన్ని ఉంటాయో మీకు వేరే చెప్పనక్కరలేదు. ఊపిరి సలపనంత పని ఉన్న రోజున ఎంత చేయగలమో అంతే మన పథకమని ముందుగా నిర్ణయించుకుంటే, తీరిక దొరికిన రోజున ఇంకాస్త చేసుకోవచ్చు. తీరికరోజును చూసి పథకం వేసుకున్నప్పుడే అది చేజారిపోతుంది.

మూడోసారి, నిరుడు జూలైలో, రాత్రి భోజనం ముగించి కంచం కడిగి బోర్లించగానే చెప్పులు వేసుకొని మా వీధిలో పది నిమిషాలు నడవడం మొదలుపెట్టాను. వాన కురిస్తే అదే పది నిమిషాలు వరండాలో ఇటునుంచి అటు, ప్రయాణంలో ఉంటే బస్టాండులోనే ఆ మూల నుంచి ఈ మూలకు. ఇంకా నడవాలనిపించినా మొదటి నెలంతా పది నిమిషాలకే ఇంట్లోకి వచ్చేశాను. ఈ నియమం విన్నవారికి వింతగా తోస్తుంది గాని, నాకు ఎక్కువ మేలు చేసింది ఇదే. రేపు కూడా నడవాలన్న కోరిక మిగిలి ఉండగానే ఆపడం వల్ల మరునాడు బయటికి అడుగు పెట్టడం కష్టమనిపించలేదు. తరువాత నెలకు ఐదేసి నిమిషాలు పెంచుతూ అరగంటకు తెచ్చాను. పద్నాలుగు నెలలయింది. మధ్యలో తప్పిన రోజులు ఉన్నాయి, కానీ వరుసగా రెండు రోజులు తప్పనివ్వలేదు. మెట్లెక్కినప్పుడు ఆయాసం లేదు, రక్తపోటు అదుపులోకి వచ్చింది. మాత్ర మాత్రం మానలేదు. దానిని తగ్గించాలా, కొనసాగించాలా అన్నది డాక్టరుగారు నిర్ణయించవలసిన విషయం కాబట్టి, నడక మొదలుపెట్టామన్న ధైర్యంతో ఎవరూ సొంతంగా మందులు ఆపవద్దని గట్టిగా కోరుతున్నాను.

అలవాటు కుదురుకోవడానికి ఎన్నాళ్లు పడుతుందన్న ప్రశ్నను లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు పరిశీలించి 2010లో ప్రచురించారు. 96 మంది తమకు నచ్చిన ఒక చిన్న పనిని, ప్రతిరోజూ ఒకే సందర్భానికి జతచేసి, 12 వారాల పాటు చేశారు. ఆ పని ఆలోచించకుండానే జరిగిపోయే స్థితికి రావడానికి నడిమి లెక్కగా 66 రోజులు పట్టింది. అయితే మనిషి మనిషికీ తేడా చాలా ఎక్కువ. కొందరికి 18 రోజులు చాలితే, కొందరికి 254 రోజుల దాకా పట్టేటట్లు ఆ లెక్కలు చూపాయి. ఒక్కరోజు తప్పినంత మాత్రాన అప్పటిదాకా పడిన అలవాటు చెరిగిపోలేదన్నది అందులో నాకు బాగా ధైర్యం ఇచ్చిన విషయం.

ఈ లెక్కను మన నెల్లూరు వాతావరణానికి పెట్టి చూడండి. సెప్టెంబరు 15న మొదలుపెడితే 66 రోజులు నవంబరు 20 ప్రాంతంలో ముగుస్తాయి. మన జిల్లాకు ఏడాదిలో ఎక్కువ వాన ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు, నవంబరు నెలల్లోనే పడుతుంది, వాయుగుండాలు వచ్చేదీ అప్పుడే. 2021 నవంబరులో పెన్న పొంగి మన కోవూరు దగ్గర జాతీయ రహదారి తెగిన రోజులు ఎవరమూ మరచిపోలేదు. అంటే మీ కొత్త అలవాటు ఇంకా లేతగా ఉన్నప్పుడే దానిమీద కార్తీక వానలు పడతాయి. అందువల్ల వానరోజున ఏమి చేస్తామన్నది ఎండ కాస్తున్నప్పుడే నిర్ణయించుకోవాలి. వరండాలో నడక, కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చోవడం, గోడకు అరచేతులు ఆనించి శరీరాన్ని ముందుకూ వెనక్కూ తేవడం, పదిసార్లు మేడమెట్లు ఎక్కి దిగడం, వచ్చినవారికి సూర్య నమస్కారాలు, వీటిలో ఏదైనా సరిపోతుంది.

ఎంత చేస్తే చాలునన్నదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు స్పష్టంగా ఉన్నాయి. పెద్దవారు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలి, వారంలో రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలి. పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల ఆట కావాలి. ఒక మోస్తరు అంటే పక్కవారితో మాట్లాడగలగాలి గాని పాట పాడలేనంత వేగం. ఫోనులో పదివేల అడుగులు నిండలేదని దిగులుపడేవారికి ఒక మాట: ఆ పదివేల సంఖ్య 1965 ప్రాంతంలో జపానులో అమ్మకానికి వచ్చిన అడుగుల లెక్క పరికరం పేరు నుంచి వచ్చిందే తప్ప వైద్యులు నిర్ణయించిన హద్దు కాదు. ఈరోజు రెండువేలు నడిచేవారు మూడువేలకు వస్తే అది నిజమైన లాభమే.

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయాలి. నాట్లు వేసేవారు, కోతలకు వెళ్లేవారు, రైసు మిల్లులో బస్తాలు మోసేవారు, రొయ్యల గుంటల మీద పగలూ రాత్రీ తిరిగేవారు మన తల్లిదండ్రులలో ఎందరో ఉన్నారు. పనిలో పడే శ్రమ కూడా ఆ 150 నిమిషాల లెక్కలోకి వస్తుంది. పొద్దంతా వంగి నాటు వేసి వచ్చిన తల్లికి పొద్దున్నే నడవండని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆమెకు కావలసింది నడుము నిటారు చేసుకొనే విశ్రాంతి, వేళకు నీళ్లు, కంచంలో పప్పో గుడ్డో చేపో, సరిపడా నిద్ర. ఈ ఉత్తరం ముఖ్యంగా అంగడిలో, కార్యాలయంలో, ఆటోలో, కుట్టుమిషను ముందు పగలంతా కూర్చొనేవారి కోసం. లండన్‌లో జెరెమీ మోరిస్ అనే వైద్యుడు 1953లో ప్రచురించిన పరిశోధన వీరందరికీ వర్తిస్తుంది. రెండంతస్తుల బస్సులలో కూర్చొని నడిపే డ్రైవర్లకంటే, టిక్కెట్ల కోసం రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వస్తున్నదని ఆయన గమనించారు. ఇద్దరిదీ ఒకే సంస్థ, ఒకే బస్సు. ఒకరు కూర్చునేవారు, ఒకరు తిరిగేవారు.

ఆహారం విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయవద్దు. మొలగొలుకుల అన్నం తిని పెరిగిన నెల్లూరు మనిషి ఒక్కసారిగా అన్నం మానేస్తే అది పది రోజులకు మించి నిలవదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2000 కేలరీలు అవసరమైన మనిషికి సుమారు 250 గ్రాముల ధాన్యాలు, 85 గ్రాముల పప్పులు, 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు కావాలి. ఇవన్నీ వండకముందు తూకాలు. మన కంచాలలో ఈ లెక్క తారుమారైంది. గుట్టగా అన్నం, దాని పక్కన రెండు చెంచాల కూర. ఈ నెలలో కూరను ముందు వడ్డించుకొని, ఆ తరువాత అన్నం పెట్టుకొని చూడండి. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు మించరాదు. ఊరగాయ, అప్పడం, ఎండుచేపలు మూడూ ఒకే పూట కంచంలోకి వస్తే ఆ హద్దు ఎంత తేలికగా దాటుతుందో ఊహించుకోవచ్చు. చేపల పులుసు మానమని ఎవరూ చెప్పరు, ఉప్పూ నూనె చూసుకొని చేసుకుంటే అది మంచి ఆహారమే.

మొదలుపెట్టేముందు ముప్ఫై దాటిన ప్రతి ఒక్కరూ రక్తపోటు, చక్కెర పరీక్షలు చేయించుకోండి. ప్రభుత్వ గ్రామ ఆరోగ్య కేంద్రాలలో ఈ వయసువారికి వీటిని ఉచితంగా చేస్తారు. దర్జీ టేపుతో నడుము చుట్టుకొలత చూసుకోండి. భారతీయులలో మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలని వైద్యులు చెబుతున్నారు. చక్కెర వ్యాధికి మాత్రలో ఇన్సులినో వాడేవారు నడకవేళను డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకొని, జేబులో నాలుగు గ్లూకోజు బిళ్లలో చక్కెర పొట్లమో ఉంచుకోవాలి. నడుస్తుండగా ఛాతీలో నొప్పి, ఎడమ చేతికి లాగడం, కళ్లు తిరగడం కనిపిస్తే అక్కడే ఆగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

తల్లుల గురించి ప్రత్యేకంగా రాయాలి, ఎందుకంటే నన్ను కలిసినవారిలో ఎక్కువమంది చెప్పింది ఒకటే: "తెల్లారి లేస్తే పొయ్యి, క్యారేజీలు, నీళ్లు, బడి బస్సు. మాకు వేళ ఎక్కడుందమ్మా?" ఇంకొందరు, వీధిలో ఒంటరిగా నడుస్తుంటే నలుగురూ చూస్తారని సంకోచిస్తున్నారు. ఈ రెండూ నిజమైన అడ్డంకులే, వీటిని పట్టుదల లేకపోవడమనడం అన్యాయం. మొదటిదానికి పరిష్కారం ఇంట్లోని మగవారి చేతుల్లో ఉంది. అన్నం క్యారేజీలు సర్దడం, పిల్లలకు తల దువ్వడం, రాత్రి గిన్నెలు కడగడం, వీటిలో ఒక్క పని తండ్రో పెద్ద కొడుకో తీసుకుంటే తల్లికి ఇరవై నిమిషాలు మిగులుతాయి. మన తొమ్మిది, పది తరగతుల అబ్బాయిలతో ఈ విషయం నేను తరగతిలోనే మాట్లాడాను, మాట ఇచ్చినవారు చాలామంది ఉన్నారు. ఇంట్లో వారికి ఆ మాట గుర్తు చేయండి.

రెండోదానికి బడి చేయగలిగినది బడి చేస్తుంది. సెప్టెంబరు 15 నుంచి మన మైదానం ఉదయం ఐదున్నర నుంచి ఆరుముప్పావు వరకు తల్లిదండ్రులందరికీ, సాయంత్రం ఐదున్నర నుంచి ఆరున్నర వరకు తల్లులకు, అవ్వలకు మాత్రమే తెరిచి ఉంటుంది. సాయంత్రంవేళ మన ఉపాధ్యాయినులు ఇద్దరు అక్కడే ఉంటారు. వాన పడినా గేటు తెరుస్తాము, మైదానానికి బదులు కింది అంతస్తు వరండాలో నడవవచ్చు. చంటిబిడ్డలను తెచ్చుకుంటే కూర్చోబెట్టడానికి ఒకటో తరగతి గది తీసి ఉంచుతాము.

ఈ సంచికతోపాటు మీ బిడ్డ సంచిలో 66 గళ్లున్న ఒక అట్ట కార్డు వస్తుంది. దానిపైన రెండు ఖాళీలు ఉన్నాయి. మొదటిదానిలో మీరు రోజూ ఏ పని ముగియగానే వ్యాయామం మొదలుపెడతారో రాయండి. రెండోదానిలో వానరోజున ఏమి చేస్తారో రాయండి. మీరు పది నిమిషాలు పూర్తిచేసిన ప్రతిరోజూ మీ బిడ్డ ఒక గడిలో టిక్కు పెడతాడు, లేదా పెడుతుంది. ఈ కార్డులకు మార్కులు, బహుమతులు లేవు, ఎవరి కార్డునూ మరొకరికి చూపించము. గడులు ఖాళీగా ఉంటే వాటిని అలాగే వదిలేసి తరువాతి గడి నుంచి కొనసాగించండి, దయచేసి దొంగ టిక్కులు పెట్టించవద్దు, పిల్లలు చూస్తున్నారు. రెండు ఖాళీలూ నింపిన కార్డును ఈ శనివారంలోగా తరగతి ఉపాధ్యాయులకు ఒకసారి చూపించి ఇంటికి తీసుకువెళ్లమని పిల్లలకు చెప్పాము.

నా గదికి వచ్చి ప్రశ్న అడిగిన ఆ అమ్మాయి, ముందుగానే తీసుకున్న తన ఇంటి కార్డును నిన్ననే తెచ్చి చూపించింది. మొదటి ఖాళీలో వాళ్ల నాయన చేతిరాతతో "అంగడి షట్టరు వేయగానే" అని ఉంది. రెండోది ఇంకా నింపలేదు. వాళ్ల అంగడి ముందు పొడవాటి రేకుల పంచ ఉందని, దాని కింద నడవవచ్చా అని అడిగింది. నడవవచ్చని చెప్పాను.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయిని