ఒడిశా ఆరోగ్య శాఖ మంత్రికి బహిరంగ లేఖ: బోర్డర్‌లైన్ రోగులకు మాటలతో చేసే వైద్యం మా భాషలో ఇప్పించండి

గౌరవనీయులైన ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, బరంపురం ప్రాంతాల్లో మానసిక రోగులతోనూ, వాళ్ల ఇళ్లవాళ్లతోనూ పనిచేస్తున్న తెలుగువాళ్లం ఈ లేఖ రాస్తున్నాం. బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అని ఓపీ చీటీ మీద రాయించుకున్నవాళ్లకు మన సరిహద్దు జిల్లాల్లో దొరికేది నెలకు సరిపడా మాత్రలు, అంతే. ఈ జబ్బుకి ప్రధాన వైద్యం మాత్ర కాదు, కూర్చోబెట్టి మాట్లాడుతూ నేర్పేది. ఆ మాట్లాడే మనిషికి రోగి భాష రాకపోతే వైద్యం మొదలే కాదు.

జబ్బు గుర్తులు తొమ్మిది. నా వాళ్లు నన్ను వదిలేసి పోతారన్న భయం, నిన్న దేవుడైన మనిషి ఇవాళ శత్రువు కావడం, నేనెవరిని, నాకేం కావాలి అన్నది నిలకడగా లేకపోవడం, ఖర్చులోనో తాగుడులోనో తిండిలోనో ముందువెనకలు చూడకపోవడం, చెయ్యి కోసుకోవడం లేదా చచ్చిపోతానని మళ్లీ మళ్లీ ప్రయత్నించడం, గంటల్లో మారిపోయే మనసు, లోపలంతా ఖాళీ అన్న వెలితి, పట్టలేని కోపం, ఒత్తిడి పెరిగినప్పుడు కాసేపు అనుమానాలు రావడం లేదా తన ఒంట్లో తాను లేనట్టు అనిపించడం. వీటిలో కనీసం ఐదు వయసొచ్చిన నాటి నుంచీ, ఇంటా బయటా కనిపిస్తే ఆ పేరు పెడతారు. ఇళ్లల్లో పెట్టే పేర్లు మాత్రం పొగరు, నాటకాలు, గాలి సోకడం. పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుందనే సలహా ఉచితం. మగపిల్లల సంగతి ఇంకా అన్యాయం. వాళ్లకు తాగుబోతు అన్న పేరు ముందే పడిపోతుంది కాబట్టి డాక్టరు దాకా రానే రారు.

ఆసుపత్రిలోనూ తప్పు పేరు పడుతుంది. ఎక్కువసార్లు పడేది బైపోలార్ అని, అంటే ఉన్మాదం, దిగులు దశలుగా వచ్చిపోయే జబ్బు. కిక్కిరిసిన ఓపీలో 'మూడ్ మారిపోతోందండీ' అన్న ఒక్క మాట వినిపించాక రెండో ప్రశ్న అడిగే తీరిక ఎవరికి? అడగాల్సినవి రెండే: ఆ ఉద్రేకం ఎంతసేపు ఉంది, దేని తర్వాత వచ్చింది. బైపోలార్‌లో ఉన్మాద దశ కనీసం వారం సాగుతుంది. రెండు మూడు గంటలే పడుకున్నా మనిషి హుషారుగా ఉంటాడు. బోర్డర్‌లైన్‌లో పొద్దున్న మాటామాటా వస్తే మధ్యాహ్నానికి లోకం కూలిపోతుంది, రాత్రికి మామూలు. నిద్ర పట్టకపోతే ఒళ్లు హూనమవుతుంది తప్ప ఉత్సాహం రాదు. రెండు జబ్బులూ కలిసి ఉన్నవాళ్లు లేకపోలేదు, కానీ అడగకుండా తేల్చడం వేరు. ఈ తప్పుకి మూల్యం చిన్నది కాదు. పెళ్లీడు పిల్లకి బైపోలార్‌కి వాడే వాల్‌ప్రోయేట్ మాత్ర ఏళ్ల తరబడి రాసేస్తే, అది వాడుతుండగా గర్భం వస్తే, పుట్టే పిల్లల్లో సుమారు పదిమందిలో ఒకరికి పెద్ద అవయవ లోపం వస్తుంది.

ఇక దుబాసీ సంగతి. డాక్టరు ఒడియాలో అడుగుతారు. తెలుగు తప్ప రాని కోడలి తరఫున అత్తగారో ఆడబిడ్డో జవాబు చెబుతారు. 'ఇంట్లో ఏమైనా ఇబ్బందా?' అన్న ప్రశ్న అత్తగారి నోటి మీదుగా వెళ్లి, అత్తగారి నోటి మీదుగానే తిరిగొస్తుంది. చిన్నప్పుడు జరిగిన అఘాయిత్యం, మొగుడి చేతి దెబ్బలు, చేతి మీది గాట్లు ఆ దారిలో డాక్టరు దాకా చేరవు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 22వ సెక్షన్ రోగికి తన జబ్బు గురించి, వైద్యం గురించి అర్థమయ్యే భాషలో తెలుసుకునే హక్కు ఇచ్చింది. అది మా మీద దయ కాదు, మీ బాధ్యత. తెలుగు వచ్చిన నర్సునో, సోషల్ వర్కర్‌నో వారంలో ఒకరోజు ఓపీలో కూర్చోబెట్టండి. చుట్టాల్ని పది నిమిషాలు బయట ఉంచి రోగిని ఒంటరిగా అడిగితే చాలా సంగతులు బయటపడతాయి.

'అది స్వభావం, మారదు' అని చెప్పి పంపించే వైద్య సిబ్బంది ఇంకా ఉన్నారు. అమెరికాలో మక్లీన్ ఆసుపత్రి నుంచి 290 మంది రోగుల్ని ఏళ్ల తరబడి వెంబడించి చూశారు. పదేళ్లలో 93 శాతం మందికి లక్షణాలు తగ్గి, కనీసం రెండేళ్లపాటు తిరిగి రాలేదు. ఉద్యోగం, స్నేహాలు కుదురుకోవడం ఇంకా ఆలస్యమవుతుంది, అది వేరే సంగతి. వైద్యాల్లో బాగా పరీక్షకు నిలిచింది అమెరికా మనస్తత్వ నిపుణురాలు మార్షా లైనహన్ రూపొందించిన డీబీటీ, అంటే ఉద్రేకాన్ని పట్టుకునే నైపుణ్యాలు నేర్పే మాటల వైద్యం. వారానికి ఒక గంట విడిగా, రెండు రెండున్నర గంటలు గుంపులో, మధ్యలో ఫోన్ సాయం. నైపుణ్యాల పాఠం 24 వారాలు, దాన్ని రెండుసార్లు తిప్పితే ఏడాది. మన జిల్లా ఆసుపత్రిలో ఇంత పని ఇప్పుడే కుదరదని మాకూ తెలుసు. అందుకే మేం అడిగేది దానికంటే చిన్నది. అమెరికాలోని అయోవాలో తయారైన స్టెప్స్ అనే పద్ధతి ఉంది: 20 వారాలు, వారానికి రెండు గంటలు, గుంపుగా పాఠం. ఇంటివాళ్లకూ అందులో చోటుంటుంది. రోగి అప్పటికే చూపించుకుంటున్న డాక్టర్ని మార్చనక్కర్లేదు.

గుంపుకి ఆరుగురి నుంచి పదిమంది, నడిపేవాళ్లు ఇద్దరు చాలు. ఒక్కరే ఉంటే, ఎవరైనా కన్నీళ్లు పెట్టుకుని బయటికి వెళ్లిపోయినప్పుడు వెనక వెళ్లేవాళ్లుండరు. వేళ పదకొండు నుంచి ఒంటిగంట దాకా పెట్టాలి. సాయంత్రం పెడితే ఆఖరి బస్సు దిగులుతో ఆడవాళ్లు రారు. సంత రోజు అసలే వద్దు.

రోజూ నింపే కార్డు దీనికి ప్రాణం. ఒక్క పేజీ, ఏడు అడ్డగీతలు. కోపం, దిగులు, భయం, సిగ్గు ఒక్కోటి 0 నుంచి 5 దాకా ఎంత. కోసుకోవాలనిపించిందా, కోసుకున్నారా (ఇవి రెండు వేర్వేరు గడులు). ఏ ఉపాయం వాడారు. ఇక్కడ ఒక చిక్కు భువనేశ్వర్ నుంచి కనబడదు. మా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదివారు. చాలామందికి తెలుగు అక్షరాలు రావు. కాబట్టి కార్డు మూడు రకాలుగా అచ్చు వేయాలి: తెలుగు లిపిలో, ఒడియా లిపిలో రాసిన తెలుగులో, చదువు రానివాళ్లకు బొమ్మల్లో. మాటలు మాత్రం వాడుకవే ఉండాలి. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడిలో 'ఉద్వేగ నియంత్రణ నైపుణ్యములు' అని అచ్చు వేస్తే నవ్వుతారు.

మందుల గురించి. బోర్డర్‌లైన్‌కే అని ఆమోదం పొందిన మందు ఇంతవరకు లేదు. తోడుగా డిప్రెషన్ ఉంటే దానికి మందు ఇవ్వాల్సిందే. బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు రాసే నైస్ సంస్థ మార్గదర్శకాలు సంక్షోభంలో ఇచ్చే మత్తు మందు వారం దాటకూడదంటున్నాయి. మన దగ్గర నిద్రమాత్ర నెలల తరబడి నడుస్తుంది. బస్సు దూరం అని జాలిపడి నెల, రెండు నెలల మాత్రలు ఒకేసారి చేతిలో పెట్టడం ఇంకో ప్రమాదం. చనిపోవాలన్న ఆలోచన వచ్చిపోయే మనిషి ఇంట్లో అంత మందు నిల్వ ఉండకూడదు. దగ్గరి పీహెచ్‌సీ నుంచి వారం వారం ఇచ్చే ఏర్పాటు చేయండి. పత్తి పండే గుణుపూర్, రాయగడ పల్లెల్లో పురుగుమందు డబ్బాకి తాళం, తాళంచెవి రోగికి తెలియని చోట ఉండాలని ఆశా దీదీ ఇంటికెళ్లి చెప్పాలి. చావాలన్న ఉధృతం సాధారణంగా కొన్ని గంటలే. ఆ గంటలు గడిచిపోయేలా చూస్తే ప్రాణం దక్కుతుంది.

క్యాజువాలిటీలో గాయం కుట్టేటప్పుడు మత్తు సూది ఇవ్వాలి. 'నువ్వే కోసుకున్నావుగా, ఓర్చుకో' అనడం వైద్యం కాదు, శిక్ష. పారాసెటమాల్ ఎక్కువగా మింగి వచ్చినవాళ్లు మొదటి రోజు బాగానే కనిపిస్తారు, కాలేయం దెబ్బతిన్న సంగతి రెండు మూడు రోజులకు గానీ తెలియదు. బాగుందని పంపేయకూడదు. విరుగుడు ఎసిటైల్‌సిస్టీన్ ఎనిమిది గంటల లోపు పడితే బాగా పనిచేస్తుంది, కనక అది జిల్లా ఆసుపత్రిలో ఎప్పుడూ ఉండాలి. పోలీసు కేసు భయంతో రోగిని దాచే ఇళ్లు ఎన్నో. 2017 చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలి, శిక్షించకూడదు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతి 309 సెక్షనూ లేదు. ఈ రెండు ముక్కలు తెలుగులోనూ ఒడియాలోనూ క్యాజువాలిటీ గోడ మీద రాయించండి. పక్కనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, అందులో తెలుగు ఉందన్న సంగతీ.

ఇంటివాళ్లకి శిక్షణ లేకపోతే ఇదంతా సగమే. గంజాం నుంచి సూరత్ మగ్గాలకు వెళ్లిన భర్త పన్నెండు గంటల షిఫ్టులో ఫోన్ ఎత్తలేడు, ఆ మోతలో రింగు వినబడదు కూడా. ఇక్కడ భార్యకి అది వదిలేయడమే. ముప్పై మిస్డ్ కాల్స్ చూసి అతను విసుక్కుంటాడు, 'పుట్టింటికి పో' అంటాడు. సరిగ్గా ఆ బెదిరింపే మంటకి నెయ్యి. షిఫ్టు దిగాక ఫలానా వేళకి చేస్తానని ఒప్పందం, దానికి కట్టుబడడం, కోపంలో ఉన్నప్పుడు తప్పొప్పులు తేల్చకుండా 'నీకు కష్టంగా ఉందని తెలుస్తోంది' అనడం నేర్పించవచ్చు. అడిగిందల్లా ఇవ్వమని కాదు. కుదరనిది కుదరదనే చెప్పాలి, వదిలేస్తానని మాత్రం అనకూడదు.

మొదట గజపతి, రాయగడ జిల్లా కేంద్ర ఆసుపత్రుల్లో చెరో గుంపు మొదలుపెట్టండి. నడిపేవాళ్లకి శిక్షణ బరంపురం ఎంకేసీజీ వైద్య కళాశాల మానసిక వైద్య విభాగంలో ఇప్పించవచ్చు. కార్డుల తెలుగు మేం రాసిస్తాం, అచ్చుకు ముందు రోగుల చేత చదివించి సరిచేస్తాం. వారానికి రెండు గంటలు తలుపు వేసుకునే గది, తెలుగు వచ్చిన ఇద్దరు ఉద్యోగులు, వారం వారం మందులివ్వమని పీహెచ్‌సీలకు ఒక ఉత్తర్వు మీ నుంచి రావాలి.

ఇట్లు,
గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగు మానసిక ఆరోగ్య కార్యకర్తలు