జాకెట్లు ఎందుకు ఆలస్యమయ్యాయో నేనే చెబుతాను

మా కుట్టు కొట్టుకు ఏళ్ల తరబడి వస్తున్న అమ్మలకు, అక్కచెల్లెళ్లకు,

ఈ వైశాఖం పెళ్లిళ్లకు మీరిచ్చిన జాకెట్లు చాలావరకు అన్న రోజుకు ఇవ్వలేకపోయాను. 18 జాకెట్లు పాడయ్యాయి కూడా. మిషను చెడిపోయిందని కొందరికి ఫోనులో చెప్పించాను. అది అబద్ధం, క్షమించండి.

మన పాలకొల్లు కొట్టులో నాతో ఆరుగురు కుడతారు. వాళ్లలో నలుగురికి బడికి వెళ్లే పిల్లలున్నారు. ఏప్రిల్ 24న సెలవులిచ్చారు, మళ్లీ బడి జూన్ 12నే. అంటే 49 రోజులు. "అమ్మమ్మ గారింటికి పంపెయ్యొచ్చుగా" అన్నారు మీలో ఒకరిద్దరు. ఒకామె తల్లి తెల్లారేసరికి రొయ్యల షెడ్డులో ఉండాలి. ఇంకొకామె అత్తగారికి చూపు ఆనదు. మరొకామె భర్త కువైట్‌లో ఉన్నాడు, ఇంట్లో తనూ ఇద్దరు పిల్లలూ అంతే. అంగన్‌వాడీ ఆరేళ్లలోపు వాళ్లకే. ఎనిమిదేళ్ల పిల్లాణ్ణి ఇంట్లో వదిలేసి రమ్మని నేనెలా అనగలను? మన వైపు ఏ ఇల్లు దాటినా చెరువో కాలువో ఉంటుంది. వేసవిలో కాలువలు కట్టేసినా, జూన్‌లో ధవళేశ్వరం నుంచి నీళ్లు వదిలేసరికి సెలవులు ఇంకా అయిపోవు.

మొదటి వారంలోనే ఇద్దరు రావడం మానేశారు. అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. 18 జాకెట్లు బయట యూనిట్‌కి ఇచ్చాను. కటింగ్ నేనే చేసి ఇస్తానంటే, "మా మాస్టర్ ఉన్నాడు, ఆది జాకెట్టు చాలు" అన్నారు. నాలుగు రోజులన్నది పదకొండు రోజులు చేశారు. ఫోను ఎత్తలేదు, నేనే బస్సెక్కి వెళ్లి తెచ్చుకున్నాను. చంకల దగ్గర పట్టేశాయి. విప్పి వదులు చేద్దామంటే లోపల అర అంగుళం గుడ్డ కూడా వదల్లేదు. పట్టు జాకెట్టుకు లోపల గుడ్డ వదలకుండా కోసేవాళ్లను నేను టైలర్లనను. మా అమ్మ నాకు మొట్టమొదట నేర్పింది అదే. ఒక పెళ్లికూతురు నా ఎదుటే ఏడ్చింది. "మీ కుట్టు ఇలా అయిపోయిందేంటి" అంది వాళ్లమ్మ. ఆ కుట్టు నాది కాదు. కానీ సంచి మీద పేరు నాది, ఇచ్చిన చెయ్యి నాది. ఇక ప్రాణం పోయినా పని బయటికివ్వను.

ఇప్పుడు పిల్లలు కొట్టు పైనున్న మా ఇంట్లోనే ఉంటున్నారు. ఇంటర్ రాసి ఖాళీగా ఉన్న మా మేనకోడలు చూసుకుంటోంది, తనకు జీతం నేనిస్తున్నాను. యాభై మందీ ఆపైన పనిచేసే చోట పిల్లల గది ఉండాలని 2017లో చట్టం మార్చారు. అదీ పసిపిల్లల కోసం. ఆరుగురున్న కొట్టుకు ఏ చట్టమూ లేదు, మేమే చూసుకోవాలి. మానేసిన ఇద్దరూ తిరిగొచ్చారు.

కొలతలివ్వడానికి వచ్చిన ఒకావిడ, "ఇది టైలర్ కొట్టా, బాలవాడా" అన్నారు. ఆ మాట గుచ్చుకుంది. పిల్లల గోల వినలేమంటే మీ ఇష్టం అండి, మీ గుడ్డ జాగ్రత్తగా మడిచి ఇచ్చేస్తాను. పిల్లల్ని మాత్రం పంపను. దసరాకీ సంక్రాంతికీ, మనకు పని మీద పడే రోజుల్లోనే, మళ్లీ ఇదే టెన్షన్ వస్తుంది. అప్పుడూ ఇలాగే ఉంటుంది.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండున్నర దాకా కొట్టు మూస్తాం. జూన్ 12 దాకా అర్జెంటు ఆర్డర్లు తీసుకోను. రేట్లు పెంచలేదు. పాడైనవాటికి గుడ్డ నేనే కొని మళ్లీ కుడుతున్నాను. 14 అయ్యాయి, నాలుగు మిగిలాయి. అవి ఎవరివో నాకు తెలుసు. మీరు కొట్టుకు రావద్దు, నేనే ఇంటికి తెచ్చి, తొడిగి చూసి వెళతాను.