ప్రాణం కాపాడినోళ్ల నష్టం ఎవరు కట్టియ్యాలె?

ఎడిటర్ గారికి నమస్తే,

మాది దేవరకొండ. మొన్న బస్టాండ్ కాడి చాయ్ హోటల్ల మీ పేపర్ సదువుకుంట మళ్ల అదే పంచాయితీ వచ్చింది, సముద్రంల ఆపదల ఉన్న ఓడను ఎవరు కాపాడితే ఆ ఓడ వాళ్లదే అయితదట కదా అని. ఒకాయనైతే కోట్లల్ల లెక్క గూడ చెప్పిండు. ఇది తప్పు. మా తమ్ముడు పన్నెండేండ్ల సంది కార్గో ఓడల మీద పనిచేస్తుండు, అందుకే ఈ సంగతి మా ఇంట్ల అందరికీ తెలుసు, మీ పాఠకులకు గూడ తెల్వాలని రాస్తున్న.

ఓడ ఓనర్‌ది ఓనర్‌దే. కాపాడినోళ్లకు ఇచ్చే ఇనాంని సాల్వేజ్ అంటరు. దీనికి 1989ల చేసుకున్న అంతర్జాతీయ ఒప్పందం ఉంది, మన దేశం గూడ అందుల ఉంది. ఎంత ప్రమాదంల పని చేసిన్రు, ఎంత నేర్పు చూపించిన్రు, దక్కిన ఓడా సరుకూ విలువ ఎంత, ఇవన్నీ చూసి లెక్క కడతరు, ఆ ఇనాం దక్కిన సొత్తు విలువను మాత్రం దాటొద్దు. నో క్యూర్ నో పే అంటరు దీన్ని, ఏమీ దక్కకపోతే ఎంత కష్టపడ్డా పైసా రాదు.

ఆ ఇనాం ఉత్తగ వస్తదని నేను అంటలేను. 2025 జూన్‌ల కేరళ తీరానికి అవతల వాన్ హై 503 అనే కంటైనర్ ఓడ అంటుకున్నది, 22 మందిల 18 మంది బయటపడ్డరు, నలుగురు దొరకలే. ఆ ఓడ ఇంకా మండుతుంటెనే నేవీ హెలికాప్టర్ నుంచి సాల్వేజ్ మనుషులు దాని మీదికి దిగి తాడు కట్టి టగ్గుతోని లోతు నీళ్ల దిక్కు గుంజుకపోయిన్రు. గసొంటోళ్లకు ఎంతిచ్చినా తక్కువనే.

నా బాధ వేరే ఉంది. కొన్నేండ్ల కింద మా తమ్ముని ఓడ అరేబియా సముద్రంల పోతుంటే రాత్రి రేడియోల పిలుపొచ్చింది, చేపల బోటు ఇంజన్ ఆగి నీళ్లు ఎక్కుతున్నయని. అసొంటి పిలుపొస్తే కెప్టెన్ పోవాల్సిందే, అది చట్టం. వీళ్లు ఆరు గంటలు దారి మళ్లి పోయేసరికి అలలు డెక్ మీదికి కొడుతున్నయి, చిన్న బోటు దించితే పగిలిపోతదని ఓడనే గాలికి అడ్డం పెట్టి పక్కకు వల, తాళ్ల నిచ్చెన ఏసిన్రు, మా తమ్ముడు నడుముకు తాడు కట్టుకొని సగం నిచ్చెన దాకా దిగి చెయ్యి అందిచ్చిండు. కింద నుంచి ఒకాయన తెలుగుల "అన్నా, పట్టుకో" అని మొత్తుకున్నడట. శ్రీకాకుళం నుంచి గుజరాత్ పోయి బోట్ల మీద కూలికి చేసేటోళ్లు వాళ్లు. ఆరుగురు ఎక్కిన్రు. ఏడో మనిషి చెయ్యి తమ్ముని చేతుల నుంచి జారిపోయింది. తమ్ముని భుజం అప్పుడే జారింది, నాలుగు నెలలు ఇంట్ల ఉన్నడు, జీతం లేదు.

బోటు మునిగింది, సరుకు లేదు, కాబట్టి ఇనామూ లేదు. ఆ ఒప్పందంల 16వ ఆర్టికల్ ఏమంటదంటే ప్రాణాలు దక్కినోళ్లు ఏమీ ఇయ్యాల్సిన పని లేదు, ఇది ఎవరైనా ఒప్పుకునే మాటనే. ప్రాణం కాపాడినోనికి, పక్కన ఇంకెవరన్నా సరుకు కాపాడి ఇనాం తీసుకుంటే అందుల న్యాయమైన వాటా వస్తది, సరుకే దక్కకపోతే వాటా దేంట్లకెళ్లి వస్తది? మన 1958 మర్చంట్ షిప్పింగ్ చట్టంల ప్రాణం కాపాడిన దానికి ఓడ ఓనర్ ఇయ్యాలె, మిగిలిన సాల్వేజ్ కంటే అదే ముందు తీర్చాలె అని రాసి ఉండె. గని బోటు పోయి మనిషి పోయి అప్పులల్ల ఉన్న ఆ ఓనర్‌ను ఎవరడుగుతరు? మా తమ్ముడైతే అడగనన్నడు.

ఒక్క సంగతి ఆలోచించుండ్రి. 1978ల ఫ్రాన్స్ తీరం కాడ అమోకో కాడిజ్ ఓడ పగిలి రెండు లక్షల టన్నులకు పైగా ముడి చమురు సముద్రంల కలిసింది. గసొంటివి చూసినంకనే, సముద్రం ఖరాబు కాకుండ పాటుపడ్డోళ్లకు ఓడ దక్కకున్నా కనీసం ఖర్చులు ఇయ్యాలని ఆ 1989 ఒప్పందంల 14వ ఆర్టికల్ పెట్టిన్రు. చమురు కోసం మార్చినోళ్లు మనిషి కోసం ఎందుకు మార్చొద్దు?

ప్రాణానికి రేటు కడితే బేరాలు మొదలైతయని కొందరంటరు. నేను రేటు అడుగుతలేను, కాపాడటానికి పోయినోళ్ల దెబ్బలకు, పోయిన జీతానికి, విరిగిన బోట్లకు సర్కారు కట్టియ్యాలె అంటున్న. ఓడ పూర్తిగ పోయి విలువ మిగలకపోతే ప్రాణం కాపాడినోనికి సర్కారు ఇయ్యొచ్చని బ్రిటన్ చట్టంల ఉంది. మన దగ్గర గూడ 2018 వరదలప్పుడు జనాన్ని తెచ్చిన చేపలోళ్లకు కేరళ సర్కారు బోటుకు రోజుకు 3000 రూపాయలు ప్రకటించింది, దాంతోని ఎవరూ బేరాలు ఆడలే.

సముద్రం లేని జిల్లాల నీకెందుకు అంటరేమో. మా చందంపేట దిక్కు సాగర్ బ్యాక్ వాటర్‌ల ఎవరన్నా మునిగితే ముందుగాల పుట్టీలు ఏసుకొని పోయేది చేపలోళ్లే, వాళ్ల పుట్టి పగిలితే గూడ ఇదే ప్రశ్న.

2025ల పార్లమెంట్ కొత్త మర్చంట్ షిప్పింగ్ చట్టం చేసింది. దాని రూల్స్‌ల ప్రాణం కాపాడేటోళ్ల కోసం ఒక నిధి పెట్టి, ఖలాసీ దాకా ఎవరైనా సొంతంగ దరఖాస్తు పెట్టుకునేటట్టు రాయాలని మన నల్లగొండ, నాగర్‌కర్నూల్, మహబూబ్‌నగర్ ఎంపీలు షిప్పింగ్ మంత్రిని అడగాలె. మీరు గూడ దీని మీద ఒక వార్త రాయుండ్రి, ఓడల మీద మన పిల్లలు శానమంది ఉన్నరు.

ఇట్లు,
మీ పాఠకుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా