కీన్‌లాండ్ నుంచి పెదనాన్నకు

లెక్సింగ్టన్, కెంటకీ
ఏప్రిల్ నెలాఖరు

పెదనాన్నకు నమస్కారాలు.

పెద్దమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందని అమ్మ చెప్పింది, చాలా సంతోషం. ఇక్కడ మేం బాగున్నాం.

అమెరికా గుర్రప్పందేలకి కొత్తగా వెళ్లేవాడు ఎక్కడ మొదలుపెట్టాలని ఫోన్‌లో అడిగారు. అప్పుడు నాకే సరిగ్గా తెలియదు. మూడు శనివారాలు ఇక్కడి కీన్‌లాండ్ రేసుకోర్సుకి వెళ్లొచ్చాక ఇప్పుడు రాస్తున్నాను.

ఇక్కడ రేసులు 1936లో మొదలయ్యాయి. ఏప్రిల్‌లో కొన్ని వారాలు, అక్టోబర్‌లో కొన్ని వారాలు, అంతే. ట్రాక్‌లో బుకీలు ఉండరు, అంతా మన మలక్‌పేట రేసుకోర్సులో టోట్ పద్ధతే. అందరి డబ్బూ ఒకచోట పోగేసి, పందెం రకాన్ని బట్టి సుమారు 15 నుంచి 25 శాతం తీసేసి, మిగిలింది గెలిచిన టికెట్లకి పంచుతారు. అందుకే గుర్రాలు బయల్దేరే గేటు తెరుచుకునేదాకా ధర మారుతూనే ఉంటుంది. బోర్డు మీద 5-2 అని ఉంటే రెండు డాలర్ల విన్ టికెట్‌కి (గుర్రం మొదటిది రావాలి) పెట్టిన రెండూ, లాభం ఐదూ కలిపి ఏడు డాలర్లు చేతికొస్తాయి.

మొదటి రోజే ఒక పొరపాటు చేశాను. మీరు మలక్‌పేటలో ప్లేస్ ఆడి, గుర్రం మూడోది వచ్చినా డబ్బు తెచ్చుకోవడం చూశాను కదా. అదే ధైర్యంతో ప్లేస్ ఆడాను. నా గుర్రం మూడోదొచ్చింది. టికెట్ పట్టుకుని కౌంటర్‌కి వెళ్తే అక్కడి పెద్దావిడ ఓపిగ్గా చెప్పింది: ఇక్కడ ప్లేస్ అంటే మొదటి రెండే, మూడో స్థానం దాకా కావాలంటే షో ఆడాలి. మొదటి మూడు గుర్రాలనీ వరసగా చెప్పే మీ తనాలాని వీళ్లు ట్రైఫెక్టా అంటారు. కొత్తలో దాని జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. రెండు డాలర్ల విన్ లేదా షోతో రేసు చూడటం నేర్చుకోవచ్చు.

కౌంటర్ దగ్గర చెప్పే వరస కూడా ముఖ్యం: ముందు రేసు నంబరు, తర్వాత ఎంత డబ్బు, ఏ పందెం, చివర గుర్రం నంబరు. తికమకపడితే వెనకాల క్యూలో వాళ్లకి టెన్షన్. టికెట్ తీసుకోగానే అక్కడే చదువుకోవాలి.

రేసు పుస్తకంలో ఒక్కో గుర్రం పాత రేసుల వివరాలన్నీ ఉంటాయి. నేను చూసేది రెండే: ఇదే దూరం ఇంతకుముందు పరుగెత్తిందా, మట్టి మీదా గడ్డి మీదా. ఆ తర్వాత రేసుకి ముందు గుర్రాలని తిప్పి చూపించే ప్యాడక్ దగ్గరికి వెళ్తాను. చెవులు, చెమట, నడక చూడమని మీరు నా చెయ్యి పట్టుకుని చూపించినవే ఇక్కడా చూస్తున్నాను.

అయినా లెక్కలన్నీ తలకిందులయ్యే రోజులుంటాయి. ఇక్కడి పేరున్న పెద్ద రేసు కెంటకీ డెర్బీలో, 2022లో, రిచ్ స్ట్రైక్ అనే గుర్రానికి ముందురోజు దాకా చోటే లేదు. 80-1 ధరతో పరుగెత్తి గెలిచింది. రెండు డాలర్ల టికెట్‌కి 163 డాలర్ల 60 సెంట్లు వచ్చాయట.

అమ్మ కంగారు పడుతోందని తెలుసు. రోజుకి 40 డాలర్లు కవర్లో పెట్టుకుని, కార్డు ఇంట్లోనే వదిలేసి వెళ్తున్నానని ఆమెకి చెప్పండి. మీ మాటైతే నమ్ముతుంది.

వీసా పని అయితే అక్టోబర్‌కి రండి. ప్యాడక్ కంచె పక్కన మీరు నిలబడితే చాలు, ఏ గుర్రమో మీరే చెప్పాలి.

ఇట్లు,
మీ చిన్నోడు